కబ్రేరా సినిమా హాలు ఉండిన చోటు

"మనిషి పోయాక ఎత్తుతారా తల్లీ ఫోను? ఎంతసేపని మోగించను?"

యహోస్కా నొచ్చుకోలేదు. మనాగ్వాలో ఆంబులెన్సు కోసం ఫోన్ చేసేవాళ్లు ముందు ఆమెను తిట్టి, తరవాత జబ్బు సంగతి చెబుతారు. వాళ్ల తప్పేమీ లేదు. ఫోన్లు ఎత్తే ఆ గదిలో కుర్చీలు నాలుగు, మనిషి ఒక్కతే. ఒకామె పురిటికి వెళ్లింది. ఒకతను పని వెతుక్కుంటూ పక్క దేశం కోస్టారికా పోయాడు. మూడో కుర్చీలో ఎవరైనా కూర్చోగా ఆమె ఎన్నడూ చూడలేదు. కుర్చీలు జీతం అడగవు గనక పైవాళ్లు వాటినైతే ఉంచారు.

"చెప్పండమ్మా, ఏమైంది?"

"మా ఆయన, ఎవెనోర్. పొద్దున షుగరు సూది వేసుకున్నాడు. బీన్సన్నంలో చీజు ముక్క వెయ్యలేదని అలిగి, తినకుండా పడుకున్నాడు. ఇప్పుడు లేపుతుంటే లేవట్లేదు. ఒళ్లంతా చెమట. నేనేమైపోను!"

"ఊపిరి ఆడుతోందా?"

"గురక పెడుతున్నాడు. ఎప్పుడూ పెట్టే గురక కాదిది."

"ఒక పక్కకి తిప్పి పడుకోబెట్టండి. తెలివి లేదు కాబట్టి నోట్లో ఏమీ పొయ్యకండి, చక్కెర నీళ్లు కూడా వద్దు. ఇల్లెక్కడ?"

"కబ్రేరా సినిమా హాలు ఉండిన చోటి నుంచి సరస్సు వైపు రెండు వీధులు, పైకి అర వీధి. పచ్చ గేటు. మెల్బా ఇల్లంటే చాలు."

అడ్రసంటే ఆ ఊళ్లో అదే. ఇంటి నంబర్లు ఎవరికీ పట్టవు. సరస్సు వైపంటే ఉత్తరం, పొద్దు పొడిచే వైపు పైకి, కుంకే వైపు కిందికి, లెక్క మొదలుపెట్టడానికి ఒక గుర్తు. ఆ గుర్తు ఇప్పుడు లేకపోయినా ఫరవాలేదు, ఒకప్పుడు ఉంటే చాలు. యహోస్కా తన ఇంటి అడ్రసు కూడా ఎన్నడో కొట్టేసిన చింతచెట్టు నుంచే చెబుతుంది.

ఖాళీగా ఉన్నది ఒక్కటే బండి. నడిపేది నోర్లన్. "కబ్రేరానా? కళ్లు మూసుకుని వెళ్తా," అన్నాడు రేడియోలో. పక్కన నర్సు నవ్వడం వినబడింది.

బండి పంపాక ఫోను పెట్టెయ్యాలని నియమం. మిగతా లైన్ల మీద ఎత్తని ఫోన్ల ఎర్ర దీపాలు వెలిగి ఆరుతున్నాయి. పెట్టేద్దామనుకుంటూనే మెల్బా ఏడుపు విని పెట్టలేకపోయింది. ఇంతలో రేడియో గరగరమంది.

"యహోస్కా, ఇక్కడ పచ్చ గేటూ లేదు, ఎర్ర గేటూ లేదు. టైర్ల షాపుంది. మా దగ్గర ఎవరూ పడిపోలేదు బాబూ, మమ్మల్నొదిలెయ్ అంటున్నారు."

యహోస్కా మళ్లీ ఫోన్లో అడిగింది. "అమ్మా, ఆ హాలు ఇప్పుడు ప్రార్థన మందిరమైంది, అదేగా?"

"అదెందుకవుతుంది! అది కొత్త కబ్రేరా. భూకంపానికి అసలుది కూలిపోతే, ఓనరు గారబ్బాయి ఎక్కడో ఇంకోటి కట్టాడు, అదీ మూతపడింది. నేను చెప్పేది అసలు కబ్రేరా. పెళ్లికాక ముందు మేం దొంగచాటుగా వెళ్లిన హాలు. ఎవర్నడిగినా చెబుతారు!"

"నేను పుట్టకముందు కూలిపోయిన హాలు నాకేం తెలుసు?" అన్నాడు నోర్లన్, ఆమె ఆ మాట రేడియోలో చేరవేస్తే.

యహోస్కాకూ తెలియదు. ఎవర్నడిగినా చెబుతారు సరే, గదిలో ఉన్నవేమో కుర్చీలు.

"దగ్గర్లో ఇప్పుడేముందమ్మా?"

"మెర్సెడెసమ్మ కొట్టుంది."

"కొట్టు పేరేంటి?"

"పేరెందుకు? అందరికీ తెలిసిందేగా!"

"సందు చివర నిలబడ్డానికి ఎవర్నైనా పంపగలరా?"

"ఎవరున్నారు తల్లీ, అంతా పనులకి పోయారు. అయ్యో, గురక తగ్గింది. ఈయన గురక తగ్గిపోతోంది!"

అడ్రసు తేలేలోగా మనిషి దక్కేలా లేడు. ఇక అడ్రసుతో పనిలేదని యహోస్కాకు అప్పుడే తట్టింది.

"అమ్మా, కట్ చెయ్యకుండా ఫోను కిటికీలో పెట్టి, మీరు ఆయన దగ్గర కూర్చోండి. ఊపిరి ఆగితే కేకెయ్యండి. నోర్లన్, సైరన్ ఆపకుండా సరస్సు వైపు, భూకంపానికి కూలిన పాత పేటల్లోకి పోనీ. మెల్లగా."

ఫోను ఒక చెవికి అదిమి, రెండో చెవి అరచేత్తో మూసుకుంది. కుక్క అరుపు. ఎవరో రొట్టెలమ్మా రొట్టెలని కేక. లోపలి నుంచి మెల్బా దేవుణ్ణి బతిమాలడం. ఎర్ర దీపాల వైపు చూడకూడదని కళ్లు మూసుకుంది. వాటి వెనక ఎవరున్నారో అన్న భయం మాత్రం పోలేదు.

దోమ రొదంత సన్నగా, సైరన్.

"వినబడుతోంది! అలాగే పోనీ." మోత పెరిగింది, ఇంకా పెరిగింది, ఉన్నట్టుండి పలచబడింది. "దాటిపోయావు, వెనక్కి తిప్పు! ఇప్పుడు పైకి తిరుగు. కాదు, తగ్గుతోంది, పక్క సందు చూడు."

"సందులో బండి పట్టదు."

"పట్టించు!"

వీధిలో కుక్కలన్నీ ఒక్కసారి మొరిగాయి. మోతకు తట్టుకోలేక ఫోను చెవికి దూరంగా జరపాల్సి వచ్చింది. "పచ్చ గేటు!" అన్న నోర్లన్ కేక ఆమెకు రేడియోలో ఒకసారి, కిటికీలోని ఫోన్లో ఒకసారి వినబడింది.

పరుగులు. గ్లూకోజు ఎక్కిస్తున్నా, చెయ్యి కదలకుండా పట్టుకోండన్న నర్సు గొంతు. తరవాత ఏమీ లేదు. యహోస్కా ఫోను మళ్లీ చెవికి అదుముకుంది. కిటికీలో ఫోను సంగతి అక్కడెవరికీ గుర్తులేదు.

అప్పుడు ఒక బొంగురు గొంతు. "ఎవరు మీరంతా? నా చొక్కా ఏదే? ఇంతమంది ముందు ఇలా పడుకోబెట్టావేంటి, సిగ్గు లేదూ?"

"నోర్ముయ్ ముసలాడా! చచ్చి బతికినవాడికి చొక్కా కావాల్సొచ్చిందా?" అంటూ మెల్బా బావురుమంది.

యహోస్కాకు ప్రాణం లేచొచ్చింది. బల్ల మీద తల వాల్చి నవ్వుతూ ఏడ్చింది. ముసలాయన ఇప్పుడు నోర్లన్‌ను తిడుతున్నాడు, ఆ సైరన్ మోతేమిటి, చెవులు పోతున్నాయని. ఆ తిట్లు సాయంత్రం దాకా వినాలనిపించింది. ఇంకొక్క తిట్టు విని, ఫోను పెట్టేసి, కళ్లు తుడుచుకుని, ఎర్ర దీపం నొక్కింది.