తాతమ్మ గొంతు

ఆ ఆదివారం మిన్నీ బేలోని పద్మిని ఇంట్లో ఉన్నవాళ్ళు నలుగురు మనుషులు, ఒక బొమ్మ. నర్సింగు పాఠాలు చెప్పే పద్మిని, పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ చెప్పే యుగంధర్, నర్సింగు చదివే సుష్మ, పద్మిని అక్క కూతురు పదహారేళ్ళ చిట్టితల్లి. బొమ్మ పేరు తాతమ్మ. నెరిసిన విగ్గు పెట్టుకుని దివాను మీద రోగిలా పడుకుని ఉంది.

మర్నాడు కాలేజీలో తాతమ్మతో తొలి క్లాసు. ఛాతీ ఎగిసిపడేలా గాలి పంపు, మణికట్టులో నాడి, గొంతులో స్పీకరు, అన్నీ యుగంధరే అమర్చాడు. మైకులో ఎవరు మాట్లాడితే ఆ మాట తాతమ్మ నోట్లోంచి వస్తుంది. ఆ మాట్లాడేవాళ్ళే దొరకలేదు. యుగంధర్ తానే మూలిగి చూస్తే, సుష్మ నవ్వాపుకోలేక దివాను అంచు పట్టుకుంది. పోనీ రికార్డు చేసేద్దామన్నాడు.

"అడిగినదానికి రికార్డు జవాబు చెప్పదు కదా భయ్యా" అంది పద్మిని. "నాడి బాగానే కొట్టుకుంటంది. లోపల మనిషే లేదు."

ఆ మనిషి తానే కావాలని చిట్టితల్లికి ఎంతో ఉంది. చాతం రేవులో పడవ కోసం కూర్చుని సణిగే ముసలమ్మల మాటలన్నీ ఆమె నాలుక మీదే ఉన్నాయి. ఎవరూ లేనప్పుడు పిన్నిని ఎన్నిసార్లు నవ్వించిందో. అది గుర్తొచ్చే పద్మిని మైకు ఆమె చేతిలో పెట్టింది. ముగ్గురూ తనవైపు తిరిగేసరికి చిట్టితల్లి మైకు వైరు వేలికి చుట్టుకుంటూ కూర్చుండిపోయింది. కాసేపు చూసి, నాటకాలాడే అమ్మాయి ఎవరైనా ఉందేమో కనుక్కుంటానని యుగంధర్ ఫోను తీశాడు.

ఆ ఫోను కలిస్తే ఇక అంతే. చిట్టితల్లి మైకు పట్టుకుని వంటింట్లోకి నడిచింది. వైరు ఆమె వెనకే ఈడ్చుకుంటూ వెళ్ళింది.

తాతమ్మ దగ్గింది.

సుష్మ ఉలిక్కిపడి బొమ్మ మణికట్టు అందుకుంది. నొప్పి ఎక్కడని హిందీలో అడిగింది.

"దర్దూ గిర్దూ ఏటీ నేదే గుంటా, ఆయాసం. నాలుగు మెట్లెక్కితే ఊపిరందట్నేదు. ముందల ఆ కిటికీ తియ్యి."

సుష్మ నవ్వలేదు. లేచి కిటికీ తీసింది. వెనక్కి వచ్చి తాతమ్మను లేవదీసి, వీపుకి రెండు దిళ్ళు ఆనించింది.

యుగంధర్ ఫోను జేబులో పడేసి వంటింటి గుమ్మంలోకి వచ్చాడు. అతని వెనకే పద్మిని. వాళ్ళ మొహాలు కనబడగానే చిట్టితల్లి మాట ఆగిపోయింది. పిన్నిని పొమ్మనే ధైర్యం తనకు లేదు. తాతమ్మకైతే ఉంది. ఆమె గోడవైపు తిరిగి మైకు నోటికి ఆనించుకుంది.

"ఒలే పద్మినీ" అంది దివాను మీది తాతమ్మ. "ఆ గుమ్మంలో ఏటి తమాసా సూస్తన్నావు? తలుపేసి పో."

పద్మిని కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, యుగంధర్‌ను వెనక్కి లాగి, తలుపు వేసేసింది.