అద్దంలో పట్టని వీధి

నేను ఒక పటాన్ని. దేవుడి పటాన్ని కాదు, చెప్పులు విప్పకండి, ఊరి పటాన్ని. మునిసిపల్ ఆఫీసు గోడకి వేలాడుతున్నాను. ఒళ్లు మండిపోతోంది, అందుకే చెబుతున్నాను.

తెల్లదొరల కాలంలో సర్వేవాళ్లు గొలుసులు పట్టుకుని ఎండలో ఊరంతా కొలిచి, గుడ్డ అంటించిన కాగితం మీద నన్ను గీశారు. కోట గుమ్మం, దిగుడుబావి, సంత, తూర్పు అంచున కుమ్మరి వీధి, అన్నీ నా మీద ఉండేవి. తర్వాత బీరువాలో పడేసి మరిచిపోయారు. చెదలకి కూడా నేను రుచించలేదు.

చరిత్ర లెక్చరరు చిదానందంగారు నన్ను బయటికి తీశారు. మహానుభావుడు! నన్ను చంకన పెట్టుకుని సందుసందూ తిరిగారు. పూడిపోయిన దిగుడుబావిని నన్ను చూసే కనిపెట్టారు. అప్పటికే రోడ్డు వెడల్పు చేస్తామని, కుమ్మరి వీధి మొత్తం ఆక్రమణేనని మునిసిపాలిటీ అంటోంది. ఆ వీధిలో కుండలు చేసే ఓబులమ్మ సారె పక్కన నన్ను పరిచి, "మీ వీధి నిన్నామొన్నటిది కాదమ్మా, ఇదిగో, ఇందులోనే ఉంది" అన్నారు. ఆవిడ మట్టిచేతులు కొంగుకు తుడుచుకుని మరీ నన్ను ముట్టుకుంది.

అంతలో మునిసిపాలిటీ నూరేళ్ల పండగ వచ్చింది. నన్ను గోడకెక్కించాలన్నారు. ఉన్న ఫ్రేము చిన్నది. పెద్దది చేయించే ఓపిక ఎవరికీ లేక నన్నే చిన్నది చేశారు! "అంచే కదా, కాస్త కోసెయ్" అన్నారు చిదానందంగారు, తన సన్మానం హడావిడిలో. ఏ అంచో చూడనైనా లేదు. ఫ్రేములు కట్టే మస్తాను తూర్పు అంచు కోసి, అద్దం కదలకుండా ఆ ముక్కనే మడిచి నా వెనక దోపాడు.

పండగ అయిపోగానే ఓబులమ్మ చిదానందంగారిని వెంటబెట్టుకుని, నన్ను సాక్ష్యం చూపించాలని ఆశగా వచ్చింది. కమిషనరు నా మీద వేలు పెట్టి, "చూడమ్మా, ఊరు ఇక్కడితో ఆఖరు. నీ వీధేదీ?" అన్నాడు. నా చేత అబద్ధం చెప్పించాడు!

"ఉండేదండీ, నేను చూశాను" అని గొణిగారు చిదానందంగారు.

"మీరు చూస్తే చాలదు సార్, మ్యాపులో ఉండాలి."

అంచు నేనే కోయించానన్న మాట మాత్రం ఆ పెద్దమనిషి నోట రాలేదు. శాలువా కప్పించుకున్న గదిలో ఎలా వస్తుంది?

"మా వీధి ల్యాకుండా ఇది మా ఊరెట్లవుతాది సార్?" అంది ఓబులమ్మ.

నా వీపున ఉందమ్మా, తిప్పి చూడు అని అరిచాను. కాగితం అరుపు ఎవరికి వినపడుతుంది? ఆవిడ వెళ్లిపోయింది. ఆ నెలలోనే వీధినీ కూల్చేశారు.

ఇప్పుడు బడిపిల్లల్ని తెచ్చి, మన ఊరి చరిత్ర అని నన్ను చూపిస్తారు. రోజూ అద్దం తుడుస్తారు, ఒక్కరూ వెనక్కి తిప్పరు. ఈ మేకు ఊడిపోవాలి. నేను అందరి ముందూ బోర్లా పడి, ఈ అద్దం పగలాలి.