కళ్లంలో దోసనారు

పోయినేడు పత్తిని పచ్చపురుగు తినేసింది. ఈసారి తమ వాటాకొచ్చిన పొలం చెక్కలో దోసపాదులు పెట్టి తీరాలని శివపార్వతి పట్టుబట్టింది. మాఘమాసపు చలికి చేలో గింజ మొలవదని, పాల కవర్లలో మట్టీ పేడా నింపి గింజలు నాటి, మిరపకాయలు ఆరబోసిన కళ్లంలో ఎండ తగిలేచోట పెట్టింది. రాత్రిళ్లు కాయల మీద కప్పే పట్టా కిందే వాటికీ చోటిచ్చింది. రెండేసి ఆకులు విచ్చుకున్నాయి.

గుంటూరు మిర్చి యార్డు నుంచి వస్తూనే సంగతి విని, ఆమె భర్తకు అన్నయ్య అయిన పేరయ్య నేరుగా కళ్లంలోకి వచ్చాడు.

“నల్లరేగడిలో దోసకాయలా? నలుగురూ నవ్వరూ? మనింట్లో పత్తీ మిరపా తప్ప ఇంకోటి వేసేది లేదు,” అంటూ నారు మీదికి కాలెత్తాడు.

“బావగారూ, కళ్లంలోకి చెప్పులతో వచ్చారు,” అంది శివపార్వతి.

తాలుకాయలు ఏరుతున్న కూలీలు తలలెత్తారు. వాళ్లెవరైనా చెప్పులతో కళ్లం తొక్కితే నానా మాటలూ అనేది పేరయ్యే. ఆయన కళ్లం అంచుదాకా వెళ్లి, చెప్పులు విడిచి, అదే కోపంతో తిరిగొచ్చాడు.

అప్పటికే శివపార్వతి చెంబుతో నారుకు నీళ్లు పోస్తోంది. తలెత్తకుండానే అంది.

“కళ్లంలో ఉన్నదల్లా లక్ష్మేనని వీళ్లకు చెప్పేది మీరేగా. ఇప్పుడు తొక్కండి.”