అలవాట్లు: లేవు

నేను ఒక బీపీ మిషన్ని. పాతకాలం దాన్ని. రేకు పెట్టె, అందులో గాజు గొట్టం, గొట్టంలో పాదరసం, చేతికి చుట్టే గుడ్డపట్టీ, గాలి కొట్టే రబ్బరు బుడ్డ, ఇంతే నా ఒళ్ళు. ఉత్తరాదిన ఏదో ఊళ్లో ఒక ఇరుకు కార్ఖానాలో నన్ను బిగించారు. రైలెక్కించి, లారీ ఎక్కించి, తెలంగాణలో ఒక చిన్న ఊరి సర్కారు దవాఖానాలో దించారు. ఆ రోజు నుంచి నా బతుకంతా మనుషుల చేతులు పట్టుకోవడమే.

మనుషుల గురించి నన్నడిగితే ఒక్క ముక్క చెప్తాను. వాళ్ళ నోళ్ళు వేరు, చేతులు వేరు. ఉప్పు మానేశానంటాడు, చెయ్యి కాదంటుంది. నాకేం భయం లేదంటుంది, చెయ్యి ఉందంటుంది. చేతులు చెప్పిందే నేను గొట్టంలో చూపిస్తాను. చూసేవాళ్ళు దాన్ని ఎలా చదువుతారన్నది మాత్రం నా చేతిలో లేదు. ఆ బాధతోనే ఇదంతా చెప్తున్నాను.

మొగవాళ్ళ వార్డులో నన్ను ఎక్కువగా వాడింది ఎస్తేరు సిస్టర్. అప్పటికి ఉద్యోగంలో చేరి అయిదేళ్ళు. పని అంటే ప్రాణం, నోరు కొంచెం పెద్దది, తప్పు చేస్తే డాక్టరుని కూడా వదిలేది కాదు. నన్ను వాడాక పట్టీ మడతపెట్టి పెట్టెలో పెట్టేది ఆమె ఒక్కతే. మిగతావాళ్ళు కుక్కేసి మూత వేసేవాళ్ళు.

ఒక కార్తీక మాసంలో మధ్యాహ్నం పూట భూమన్న అనే మేస్త్రీ వచ్చాడు. నల్ల బట్టలు, మెడలో అయ్యప్ప మాల, ఒళ్ళు కాలిపోతున్న జ్వరం, వాంతులు. వెంట భార్య రాజవ్వ. మాల వేసుకున్న మనిషిని మా వైపు పేరు పెట్టి పిలవరు. కట్టుకున్న పెళ్ళాం కూడా స్వామీ అనే అంటుంది. దీక్షలో ఉన్న నలభై ఒక్క రోజులూ అతను ఆ పాత మనిషి కాడు. ఎస్తేరు సిస్టర్ చర్చికి పోయే మనిషైనా, "స్వామీ, జెర చెయ్యి ఇటియ్యి" అని మర్యాదగానే అడిగి నన్ను చుట్టింది.

ఆ చెయ్యి వణుకుతోంది. చలికి వణికినట్టు కాదు. లోపల ఏదో తెగిపోయిన వణుకు. నూట అరవై మీద వంద చూపించాను. సిస్టర్ రాసుకుంది. కేసు షీట్లో 'అలవాట్లు' అని ఒక గడి ఉంటుంది. తాగుతారా, ఎంత, చివరిసారి ఎప్పుడు అని అడిగి నింపాల్సిన గడి. సిస్టర్ పెన్ను అక్కడ ఆగింది. ఆమె కళ్ళు మాల మీదికి వెళ్ళాయి. మాలలో ఉన్న స్వామిని పట్టుకుని తాగుతావా అని అడగడం ఎంత తప్పుగా తోచిందో ఏమో, ఎవరినీ ఏమీ అడగకుండా 'లేవు' అని రాసేసింది.

మంచం కాళ్ళ దగ్గర నిలబడ్డ రాజవ్వ అది చూసి నోరు తెరిచింది. ఏదో చెప్పబోయింది. చెప్పకుండా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందంటారు కదా. దీక్షలో ఉన్న మొగుడి తాగుడు సంగతి పదిమంది వార్డులో ఏ ఆడది బయట పెడుతుంది? ఆమె మాట మింగడం నేనొక్కదాన్నే చూశాను.

తర్వాత బయటపడ్డ నిజం ఏమిటంటే, భూమన్న పదిహేనేళ్ళుగా రోజూ తాగేవాడు. పొద్దున ఒక క్వార్టర్ పడితే తప్ప తాపీ పట్టలేకపోయేవాడు. దవాఖానాకు వచ్చిన ముందురోజు మాల వేసుకుని టక్కున ఆపేశాడు. నిష్ఠగా, ఎవరూ బలవంతం చేయకుండా. అతని జీవితంలో అంత మంచి పని ఇంకోటి లేదు. ఆ మంచి పనే అతని ప్రాణం మీదికి వచ్చింది.

మర్నాడు తెల్లవారాక భూమన్న లేచి కూర్చుని గాలిలో గోడ కట్టడం మొదలుపెట్టాడు. లేని ఇటుకను అందుకోవడం, లేని సిమెంటు పూయడం, ఒక కన్ను మూసి వరస సరిచూసుకోవడం. "ఏయ్, ఇటుకలు అందియ్యుండ్రి, పొద్దు పోతుంది" అని కేకలు. జ్వరం తలకెక్కిందన్నారు. బ్యాండేజీ గుడ్డతో మంచానికి కట్టేశారు. కట్టిన చేతికే నన్ను చుట్టారు. నూట తొంభై మీద నూట ఇరవై. నేను ఇంతకంటే గట్టిగా ఎలా చెప్పను? జ్వరం కదా అనుకున్నారు. తర్వాత ఫిట్స్ వచ్చాయి. పది గంటలు కొట్టేసరికి నా పట్టీలో ఏ చప్పుడూ లేదు.

మాల ముడి విప్పడానికి రాజవ్వ చేతులు ఆడలేదు. ఎస్తేరు సిస్టరే విప్పి ఇచ్చింది.

రెండు నెలలకు నగరం నుంచి ఒక డాక్టరు నర్సులకు పాఠం చెప్పడానికి వచ్చాడు. ఏళ్ళ తరబడి తాగినవాడు ఒక్కసారిగా ఆపితే రెండో రోజో మూడో రోజో మతి చెదురుతుంది, లేనివి కనపడతాయి, ఫిట్స్ వస్తాయి, చూసుకోకపోతే పోతాడు, ముందే తెలిస్తే మందులతో మెల్లగా దించి బతికించవచ్చు అన్నాడు. అలాంటివాళ్ళలో కొందరు తమ పనే గాల్లో చేస్తుంటారు, దర్జీ బట్ట కుడతాడు, డ్రైవరు స్టీరింగు తిప్పుతాడు అన్నాడు. నేను సిస్టర్ ఒళ్ళో ఉన్నాను. ఆమె నా పెట్టెను ఎంత గట్టిగా పట్టుకుందంటే రేకు సొట్టపోయింది.

ఆ సాయంత్రం పాత కేసు షీట్ల కట్ట విప్పి, తన చేతిరాతే అయిన ఆ 'లేవు' వంక చూస్తూ కూర్చుంది. ఎవరికీ చెప్పలేదు. చెప్పినా ఎవరూ ఏమీ అనేవాళ్ళు కాదు, జ్వరంతో పోయాడని కాగితాల్లో ఉంది. ఆమెను భూమన్న వదల్లేదు. నన్నూ వదల్లేదు. వణికే చెయ్యి ఏది వచ్చినా నా పట్టీలో ముందు అతని చెయ్యి మెదిలేది.

తర్వాత కొన్నేళ్ళకు మా దవాఖానాలో తాగుడు మాన్పించే వార్డు పెట్టారు, ఎనిమిది మంచాలు. అందరూ మొహం చాటేస్తే ఎస్తేరు సిస్టర్ అడిగి మరీ అక్కడ డ్యూటీ వేయించుకుంది, నన్నూ వెంట తీసుకెళ్ళింది. అక్కడ ఆమెది ఒకటే పద్ధతి. వచ్చినవాణ్ణి పక్కకు తీసుకెళ్ళి అడుగుతుంది. ఇంటివాళ్ళను విడిగా అడుగుతుంది. నన్ను చుట్టి గాలి కొడుతూ మళ్ళీ అడుగుతుంది, "చివరిసారి ఎప్పుడు తాగినవ్ అన్నా?" పూజారైనా, పోలీసైనా ఇదే. తిట్టించుకుంది, మీద వాంతులు చేయించుకుంది. మానేశానని దండం పెట్టి పోయినవాడు నాలుగోసారి తిరిగొచ్చినా, "అచ్చినవా? మంచి పని జేసినవ్, కూసో" అనేది. ఒక్క సూదితో మానిపించండని బతిమాలే చుట్టాలకు మాత్రం చురకలు పడేవి.

భూమన్న పోయిన పదకొండేళ్ళకు, మళ్ళీ మాలల కాలంలో, ఒక ఉదయం నల్ల బట్టల యువకుడొకడు వచ్చాడు. పేరు మహేశ్, ట్రాక్టరు నడుపుతాడు. ముందురోజే మాల వేసుకున్నాడు. చేతులు వణుకుతున్నాయి. వెంట తల్లి. జుట్టు నెరిసినా నేను గుర్తుపట్టాను, రాజవ్వ. సిస్టర్ కూడా గుర్తుపట్టింది. నన్ను చుట్టి గాలి నింపిన చెయ్యి అక్కడే ఆగిపోయింది.

ఆమె అడగకముందే రాజవ్వ మొదలుపెట్టింది. "సిస్టర్, ఈసారి అవద్దం చెప్ప. నిన్న పొద్దుగాల మాల ఏసుకునేముందు తాగిండు. ఆరేండ్ల సంది రోజు తాగుతుండు. ఆనాడు మా ఆయనకు అలవాటుందా అని నువ్వు అడిగితె లేదని చెప్పిన. ఇజ్జత్ పోతదని చెప్పిన. నేనే సంపుకున్న ఆయన్ని. ఈ పోరన్ని గట్ల సంపుకోను."

నేను నిర్ఘాంతపోయాను. ఆమె ఆ అబద్ధం ఆడనే లేదు! అడిగినవాళ్ళే లేరు. చెప్పబోయి మింగిన ఒక్క మాటను పదకొండేళ్ళు లోపల నూరి నూరి, ఆడని అబద్ధాన్ని ఆడినట్టే నమ్మేసింది. ఎస్తేరు సిస్టర్ ఊరుకుంటే సరిపోయేది. భూమన్న చావు బరువును ఇంకొకరు తలకెత్తుకుని ఎదురుగా నిలబడ్డారు. పాత షీట్లు ఎప్పుడో చెదలు తినేశాయి. సాక్షిని నేనొక్కదాన్ని, నాకు నోరు లేదు.

సిస్టర్ నాలోని గాలి వదిలేసింది. "రాజవ్వా, నువ్వు అవద్దం చెప్పలె. నేను నిన్ను అడగనే లేదు. మాల జూసి నాకు నేనే లేదని రాసిన. తప్పు నాది."

రాజవ్వకు కోపం వస్తుందనుకున్నాను, రావాలని కూడా అనుకున్నాను. "నువ్వు అడిగినా చెప్తుంటినో లేదో నాకు ఎర్కలేదు సిస్టర్," అంది రాజవ్వ. "ముందు పిలగాన్ని జూడు."

చూసింది. డాక్టరుతో రాయించి సూది వేసింది, మాత్రలు మొదలుపెట్టింది. "మాల తియ్యనక్కర లేదు స్వామీ, మాల ఉండంగనే గోలీలు మింగొచ్చు" అంది. రెండో రోజు మహేశ్ గోడ మీద చీమలున్నాయని అరిస్తే కట్టేయనివ్వలేదు. కిటికీ తెరిచి, పక్కన కూర్చుని, "మహేశ్, నేను ఎస్తేరును. ఇయ్యాల బుధవారం. ఇది దవాఖాన. గోడ మీద ఏం లేవు బిడ్డా" అని ఎన్నిసార్లు చెప్పిందో లెక్కలేదు. నాలుగో రోజుకు నా గొట్టంలో నూట ముప్ఫై మీద ఎనభై నాలుగు దగ్గర పాదరసం ఆగింది. ఎనిమిదో రోజు మహేశ్ స్నానం చేసి తనంతట తాను విభూతి పెట్టుకున్నాడు.

ఆ సంవత్సరమే పాదరసం విషమని, మిషన్లన్నీ తీసెయ్యమని ఆర్డరు వచ్చింది. ఇప్పుడు స్టోరు గదిలో పది పెట్టెల కింద ఉన్నాను. నన్ను పట్టుకెళ్ళడానికి ఎవరో వస్తారట, ఇంకా రాలేదు. ఇక్కడ పట్టుకోవడానికి చెయ్యి లేదు కనుక, పట్టుకున్నవే మళ్ళీ మళ్ళీ గుర్తుకొస్తాయి. అన్నిటికంటే ఎక్కువగా గుర్తొచ్చేది ఆ ఎనిమిదో రోజే.

మహేశ్‌ని బయట ఆటోలో కూర్చోబెట్టి, మందుల చీటీ కోసం రాజవ్వ లోపలికి వచ్చింది. ఎప్పుడెప్పుడు తిరిగి రావాలో, ఏ మాత్ర ఎప్పుడో సిస్టర్ రెండుసార్లు చెప్పింది. రాజవ్వ చీటీ మడిచి కొంగున కట్టుకుంది. గడప దాకా వెళ్ళి ఆగింది.

"సిస్టర్, ఆయనకు గూడ గిట్లనే తగ్గుతుండెనా?"

ఎస్తేరు సిస్టర్ ఆమెకు ఎదురుగా వచ్చి నిలబడి, "తగ్గుతుండె రాజవ్వా" అంది.