డెస్ మాట్లాడిన యాభై రెండు సెకన్లు

ఆ రోజు ఆగస్టు పద్నాలుగు, గురువారం. గుమ్మడికాయ సూపు, పులిసిన పిండి రొట్టె. డెస్ పెంగెల్లీకి రెండూ బాగా గుర్తు. సూపులో జాజికాయ చిటికెడు ఎక్కువైందని అతను లోపల్లోపల నొచ్చుకుంటూ ఉండగానే మగవాళ్ల నోళ్ల మీద తీర్మానం వచ్చిపడింది.

ఆగస్టులో చలికాలం ఉండే ఆస్ట్రేలియాలో, బల్లరాట్ అనే ఊళ్లో, ఆడవాళ్లు తమ మాట చెప్పుకోవడానికి పెట్టుకున్న స్త్రీల స్వరమండలి ప్రతి గురువారం సాయంత్రం చర్చి వెనక హాల్లో కూడుతుంది. ఏడేళ్ల కిందట దాన్ని మొదలుపెట్టిన నలుగురిలో డెస్ భార్య నోలా ఒకతె. ఆమె పోయి రెండేళ్లయింది. పోయిన తరవాత వచ్చిన మొదటి గురువారం డెస్ ఆమె వెంట మోసిన అలవాటు కొద్దీ సూపు గిన్నె మోసుకుంటూ వచ్చేశాడు. ఎవరూ వద్దనలేదు. అప్పటినుంచి సూపు కాచడం, పదకొండు మందికి వడ్డించడం, గిన్నెలూ కప్పులూ కడగడం అతని వంతు. మిగతా ఆరు రోజులూ ఇంట్లో మాట్లాడేది రేడియో ఒక్కటే. గురువారం మాత్రం "ఇంకో ముక్క రొట్టె ఉందా డెస్?" అని ఒక మనిషి గొంతు అడుగుతుంది. ఆ ఒక్క ప్రశ్నతో అతనికి వారం గడిచిపోతుంది.

మండలి అధ్యక్షురాలు ఫిలిప్పా వెన్ లేచి చెంచాతో గిన్నె మీద కొట్టింది.

"అక్కచెల్లెళ్లారా! మగవాడు ఏ గదిలో కాలుపెట్టినా ఆడవాళ్ల మాట మింగేస్తాడు. మనకి తెలీకుండానే మింగేస్తాడు. ఈ గదిలో కూడా అదే జరుగుతోంది!"

పది తలలు ఒక్కసారిగా ఆ గదిలో ఉన్న ఏకైక మగవాడి వైపు తిరిగాయి. డెస్ నోట్లో కాలుతున్న సూపు ఉంది. మింగాలో వద్దో తెలియక అలాగే ఉండిపోయాడు.

"డెస్ మింగేది సూపే కదా ఫిలిప్పా..." అంది నర్సింగు చదువుతున్న టామ్సిన్.

"అడ్డు రాకు టామ్సిన్! ఆడవాళ్ల మాటకి అడ్డురావడం గురించే కదా నేను మాట్లాడుతున్నది!"

తీర్మానం ఇది. నాలుగు వారాల పాటు మాటల సమయం కొలవాలి. మొత్తం మాటల్లో మగ గొంతు వాటా నూటికి ఐదు దాటితే ఇకమీదట హాల్లోకి, వంటగదితో సహా, మగవాళ్లకి ప్రవేశం లేదు. కొలిచే పని గ్లెనిస్ బ్రాట్‌కి అప్పగించారు. గ్లెనిస్ ముప్పై ఒక్క ఏళ్లుగా శనివారాలు ఊరి ఈతకొలను గట్టున స్టాప్‌వాచీ పట్టుకుని నిలబడిన మనిషి. ఈదొచ్చిన పిల్లల్ని సెకనులో వందో వంతు దాకా కొలిచి పంపింది.

"కొలుస్తా తల్లీ. దానికేం భాగ్యం," అంది, మెళ్లో రెండు వాచీలు సర్దుకుంటూ.

ఆ మర్నాటినుంచి డెస్ మౌనవ్రతం సాధన చేశాడు. అద్దం ముందు నిలబడి కనుబొమలతో "ఇంకొంచెం సూపా?" అని అడగడం నేర్చుకున్నాడు. ఎడమ కనుబొమ ఎత్తితే ఉప్పు, కుడిది ఎత్తితే మిరియాలు. మొదటి వారం ఒకావిణ్ణి మిరియాలు కావాలా అని అడగబోతే రెండూ లేచిపోయాయి; ఆమె తలూపి, ఉప్పూ మిరియాలూ రెండూ పడ్డ సూపు తినలేక కళ్లనీళ్లు పెట్టుకుంది. గిన్నెలు మరీ వేడిగా ఉన్నప్పుడు మాత్రం ఆగలేక "జాగ్రత్త, కాలుద్ది" అనేసేవాడు. అన్న ప్రతిసారీ గ్లెనిస్ బొటనవేలు టక్కుమనేది. రెండో వారం తుమ్మి, భయంభయంగా ఆమె వైపు చూశాడు.

"తుమ్ముకి లెక్క లేదు నాయనా. నీళ్లు చిందాయనుకుని వదిలేశా."

ఫిలిప్పాకి అదీ నచ్చలేదు. "చూశారా ఎలా ఉలక్కుండా పలక్కుండా ఉన్నాడో? ఆ మౌనం గదంతా పరుచుకుంది. మనల్ని నోరు విప్పనివ్వట్లేదు!" అంది. ఆ సంగతి ఇరవై రెండు నిమిషాల సేపు చెప్పింది. పక్కనున్న ఆవిడ ఏదో అనబోయి, ఊపిరి తీసుకుని, ఆ ఊపిరి అలాగే వదిలేసింది.

మూడో వారం ఎవరో రొట్టె అంచు ముక్క కాగితంలో చుట్టి గిన్నెలు కడిగే తొట్టి పక్కన పెట్టి వెళ్లారు. అంచు ముక్క అంటే డెస్‌కి ప్రాణం. ఎవరు పెట్టారో అడగాలంటే నోరు విప్పాలి. అడగకుండా తినేశాడు.

నాలుగు వారాలూ పూర్తయిన సాయంత్రం డెస్ తన గరిటె, ఏప్రన్ ముందే సంచీలో పెట్టేసుకున్నాడు. వెళ్లిపొమ్మన్నాక వస్తువులు వెతుక్కుంటూ నిలబడడం బాగుండదనిపించింది.

గ్లెనిస్ అట్ట మీద కాగితం బిగించి లేచింది. కళ్లజోడు పెట్టుకుని, ఈతపోటీల గొంతుతో మొదలుపెట్టింది.

"మొదటి లేన్, ఫిలిప్పా వెన్. ఐదు గంటల నలభై ఒక్క నిమిషం, పన్నెండు సెకన్ల ఆరు వందోవంతులు."



"నన్నెందుకు కొలిచావు?" అంది ఫిలిప్పా.

"ఒక్క లేన్ కొలిస్తే ఎవరు గెలిచారో ఎట్లా తెలుస్తుంది తల్లీ? గట్టు మీద నిలబడ్డాక నీళ్లల్లో ఉన్న అందర్నీ కొలవాల్సిందే. రెండో లేన్, టామ్సిన్. పదకొండు నిమిషాల..."

"కొలవమన్నది మగవాళ్లని!"

టక్. "మొదటి లేన్‌కి ఇంకో రెండు సెకన్లు," అని గ్లెనిస్ రాసుకుంది. "పదో లేన్, ఆల్మా. నాలుగు సెకన్లు. పన్నెండో లేన్, డెస్. యాభై రెండు సెకన్లు. అందులో నలభై ఒకటి 'జాగ్రత్త, కాలుద్ది'. నూటికి అర కూడా లేదు. ఇక తొందరపడి ముందే దూకడాలు, అంటే ఎదుటివాళ్లు ముగించకుండానే మొదలెట్టడాలు. మొత్తం అరవై మూడు. అన్నీ మొదటి లేన్‌వే. మా కొలను దగ్గర ఒక్కసారి దూకితేనే ఇంటికి పంపేస్తాం."

ఫిలిప్పా ముఖం బీట్‌రూట్ ముక్కలా అయింది. "నేను మాట్లాడింది నాకోసమా? మీ అందరి తరఫునా మాట్లాడా! ఆ ఐదు గంటలూ మీవే!"

"మరైతే నా అరగంట నాకిచ్చెయ్," అంది ఆల్మా. ఇన్నేళ్లలో ఆమె పలికిన అన్నిటికన్నా పొడుగాటి వాక్యం అదే. అందరూ ఆమె వైపు తిరిగారు. ఆల్మా కూడా అదిరిపడి, ఎవరన్నారా అని చుట్టూ చూసింది.

అంతటితో ఆనకట్ట తెగింది. "నా పుట్టినరోజు నాడు నా ఉపన్యాసం కూడా తనే చెప్పింది!" "నాకు జలుబు చేస్తే నా తరఫున దగ్గింది!" టామ్సిన్ బల్ల ఎక్కింది. "తీర్మానం ఒక్కటే కదా! ఎవరు మాటలు మింగితే వాళ్లు బయటికి. చేతులెత్తండి!"

చేతులు లేస్తున్నాయి. ఫిలిప్పా నోరు తెరిచింది. మొదటిసారి అందులోంచి ఏమీ రాలేదు. తలుపు వైపు చూసింది. బయట చలి, చీకటి. గురువారం సాయంత్రం ఇంకెక్కడికీ వెళ్లే చోటు లేని మనిషి చూపు ఎలా ఉంటుందో డెస్‌కి తెలుసు. నాలుగు వారాలుగా అద్దంలో చూస్తున్నాడు.

"ఒక మాట," అన్నాడు.

గ్లెనిస్ వాచీ ఎత్తింది. అతను కంగారుగా అందుకున్నాడు.

"నోలా నన్ను వంటగదిలోంచి వందసార్లు గెంటింది. ఇంట్లోంచి ఒక్కసారీ గెంటలేదు. ఈవిణ్ణీ పంపకండి. ఏ వారం ఎవరు ఎక్కువ మాట్లాడితే ఆ వారం గిన్నెలు వాళ్లు కడగాలి. చలికాలంలో వేడినీళ్లల్లో చేతులుంటే మనిషికి కొంచెం నెమ్మది వస్తుంది. నేను... నేను తుడిచి పెడతా. నన్నూ ఉండనిస్తే."

"పంతొమ్మిది సెకన్లు," అంది గ్లెనిస్. "శుభ్రంగా ఈదావు నాయనా."

ఎత్తిన చేతులు దిగి, మళ్లీ ఇంకో తీర్మానానికి లేచాయి. పదీ లేచాయి. కాసేపాగి, భుజం దాకా మాత్రమే, పదకొండోది కూడా లేచింది.

అందరూ వెళ్లాక ఫిలిప్పా తొట్టి దగ్గర నిలబడింది. సబ్బు మూడింతలు పోసింది. నురగ మోచేతుల దాకా వచ్చి, ఒక గిన్నె కనబడకుండా పోయింది. ఇంట్లో పిల్లి ఉందనీ, తను మాట్లాడ్డం మొదలెడితే అది లేచి పక్కగదిలోకి పోతుందనీ చెప్పింది. డెస్ కప్పులు తుడుస్తూ ఊఁ కొట్టాడు.

"ఇంతకీ సూపులో ఏం వేస్తావు నువ్వు?" అంది హఠాత్తుగా. ఏడేళ్లలో ఆమె అతన్ని అడిగిన మొదటి ప్రశ్న.

"ముందు ఉల్లిపాయ సన్నసెగ మీద..." అని అతను మొదలుపెట్టాడు. ఆమె మధ్యలో రెండుసార్లు నోరు తెరిచి, రెండుసార్లూ మూసుకుంది. జాజికాయ దగ్గరికొచ్చేసరికి ఇక ఆగలేక అడ్డొచ్చింది. అయినా చాలాదూరం విన్నట్టే.

కురిసే చినుకుల్లో ఆమె కారెక్కేదాకా డెస్ దీపం వేసే ఉంచాడు. తరవాత ఆర్పి, తలుపు చప్పుడు కాకుండా దగ్గరగా వేశాడు.