లోటు పూడ్చిన ఏడాది

ఆర్థిక శాఖలో ఆవిడని చాటుగా అందరూ కత్తెరమ్మ అనేవాళ్లు. ఎదురుపడితే మాత్రం "మేడం, మేడం" అంటూ వినయం ఒలకబోసేవాళ్లు. ఆ సంగతి ఆవిడకి తెలియక కాదు. విని నవ్వి ఊరుకునేది. ప్రతి శాఖవాళ్లూ ఇంకాస్త ఇవ్వమని అడగడానికే ఆవిడ గదికొచ్చేవాళ్లు, లేదనడమే ఆవిడ ఉద్యోగం.

ఆ రాష్ట్రంలో చట్టం గట్టిది. రాబడీ ఖర్చూ ఏడాది చివరికి సరితూగి తీరాలి, లోటు చూపించడానికి వీల్లేదు. ఆ ఏడాది రెండు పెద్ద ఫ్యాక్టరీలు మూతపడి, పన్నులు అనుకున్నంత రాలేదు. ఖజానాకి పెద్ద చిల్లే పడింది.

ఆవిడ మొదట కత్తెర జోలికి పోలేదు. ఖరీదైన కార్ల మీదా, ఒకటికి మించి ఇళ్లున్నవాళ్ల మీదా చిన్న పన్ను వేస్తే గండం గట్టెక్కుతుందని మంత్రిగారికి చెప్పింది. ఆయన కుర్చీలో వెనక్కి వాలి, "ఎన్నికలు నెత్తిమీదున్నాయమ్మా. ఇప్పుడు కొత్త పన్ను మాటెత్తితే ముందు నన్ను ఇంటికి పంపిస్తారు. మీ చేతిలో కత్తెర ఉందటగా, అందరూ అంటుంటారు" అని పకపకా నవ్వాడు.

జీతాలు తగ్గించకూడదు. పింఛన్లు ముట్టుకోకూడదు. పాత అప్పుల వడ్డీ ఆపకూడదు. అవి పోగా మిగిలేవి నోరులేనివాళ్ల ఖర్చులే. అందులో కోయగలిగినవన్నీ కోశాక చివరికి రెండు తేలాయి: మారుమూల ఊళ్లకి తిరిగే అంబులెన్సులు, పిచ్చాసుపత్రిలో ఏళ్లతరబడి ఉండిపోయిన రోగుల వార్డు. ఏదో ఒకటి పోవాలి.

ఆ వార్డులో ఆవిడ అన్నయ్య ఉన్నాడు.

ఆఫీసులో ఈ సంగతి ఎవరికీ తెలియదు. కాలేజీలో ఉండగా అతనికి మతి చెదిరింది. అమ్మానాన్నలున్నంతకాలం ఇంట్లోనే కనిపెట్టుకున్నారు, వాళ్లు పోయాక వార్డే దిక్కయింది. ప్రతి ఆదివారం ఆవిడ వెళ్లి, కాసేపు కూర్చుని వచ్చేది.

ఇప్పుడేం చెయ్యాలి? నావాడున్నాడని వార్డుని వదిలేసి అంబులెన్సులు ఆపితే, రేపు దారిలో ప్రాణం పోయినవాళ్ల పాపం నాది కాదా అనుకుంది. స్వార్థం అనిపించుకుంటానేమోనన్న భయం ఆవిడని పట్టి కుదిపేసింది. ఆ భయంలో పడి, అన్నయ్య సంగతి అలా ఉంచి అసలు ఆ వార్డు ఉండాలా వద్దా అని ఒక్కసారైనా ఆలోచించలేదు. వార్డే మూయమని రాసింది. రోగులు చాలావరకు కుదుటపడ్డారని ఆరోగ్య శాఖవాళ్లు డాక్టర్ల చేత అనిపించారు. ఖాళీ అయ్యే భవనం అమ్మితే వచ్చే సొమ్ము కూడా రాబడిలో కలిపింది. లోటు పూడింది. మంత్రిగారు అందరి ముందూ మెచ్చుకున్నారు.

వార్డు ఖాళీ చేసే రోజు ఆవిడ సెలవు పెట్టి వెళ్లింది. ఆవరణంతా మూటలు, రేకుపెట్టెలు. నర్సులు ఒక్కొక్కరినీ చెయ్యి పట్టుకుని గేటు దాకా తీసుకొస్తున్నారు. కొందరికోసం ఎవరూ రాలేదు. వాళ్లు మెట్లమీద కూర్చుని, వచ్చే ప్రతి బండినీ ఆశగా చూస్తున్నారు.

"మీరు వచ్చారు, నయం. చాలామంది ఫోనే ఎత్తడంలేదు" అంది పెద్ద నర్సు. ఆవిడ ఉద్యోగం ఏమిటో నర్సుకి తెలియదు. ఆవిడ తలవంచుకుంది.

అన్నయ్య పక్క మంచం టైలర్ తాతది. ఒకప్పుడు కుట్టుపని చేసినవాడు. అన్నయ్యకి చేతులు వణుకుతాయని రోజూ పొద్దున్నే చొక్కా గుండీలు పెట్టేది ఆయనే. తాత కోసం మేనల్లుడు వ్యాను వేసుకుని వచ్చాడుగానీ బండి దిగలేదు, హారన్ కొట్టాడు.

"తాతని కూడా మనింటికి తీసుకెళ్దాం చెల్లాయ్" అన్నాడు అన్నయ్య.

"ఆయనకి సొంతవాళ్లున్నారుగా అన్నయ్యా, వాళ్లు చూసుకుంటారు."

తాత అన్నయ్య కాలరు ఒకసారి సరిచేసి, వెళ్లి వ్యాను ఎక్కాడు.

ఇంట్లో కూతురు తన గది ఖాళీ చేసి హాల్లోకి మారింది. భర్త మంచివాడే. "మీ అన్నయ్య నాకు పరాయివాడా? కానీ పగలంతా ఎవరు కనిపెట్టుకుంటారు చెప్పు" అన్నాడు. మనిషిని పెట్టారు, వారం తిరక్కుండా మానేసింది. మరో మనిషిని పెట్టారు. అన్నయ్య ఎవరినీ ఏమీ అనేవాడు కాదు. బాత్రూముకి వెళ్లాలన్నా అనుమతి అడిగేవాడు. భోజనానికి పిలిచేదాకా గుమ్మంలో నిలబడేవాడు. చొక్కాకి ఎవరు గుండీలు పెట్టబోయినా వెనక్కి జరిగేవాడు. సాయంత్రం ఆవిడ గడపలో కాలు పెట్టగానే ఒకటే మాట: "తాత ఎలా ఉన్నాడు?"

ఆ మాట పడలేక ఒకరోజు ఆసుపత్రిలో చిరునామా అడిగి తీసుకుని వెళ్లింది.

ఇరుకు సందులో రెండు గదుల ఇల్లు. మేనల్లుడు అప్పుడే పని నుంచి వచ్చినట్టున్నాడు, చేతులకి గ్రీజు మరకలు అలాగే ఉన్నాయి. అతని భార్య ఎవరో అతిథి వచ్చిందనుకుని మంచినీళ్లు తేవడానికి లోపలికెళ్లింది.

"తాతగారిని చూద్దామని వచ్చాను. మా అన్నయ్య ఆయన పక్క మంచమే."

అతను గ్రీజు చేతులు చొక్కాకి తుడుచుకున్నాడు. "పోయాడండీ" అన్నాడు.

"ఎలా?" అంది ఆవిడ.

"మేమిద్దరం పనికెళ్లాలి. తలుపుకి తాళం వేసి పోతే లోపల కూర్చుని ఏడ్చేవాడు. పక్కవాళ్లు వచ్చి, ముసలాయన్ని జైల్లో పెట్టారా అన్నారు. సరే అని తాళం తీసి వెళ్తే, వార్డు వెతుక్కుంటూ బయల్దేరాడు. వర్షంలో ఎంత దూరం నడిచాడో ఏమో. వంతెన దగ్గర దొరికాడు. నేనే వెళ్లి గుర్తుపట్టాను." ఆవిడ వైపు తిరిగాడు. "నయమైందనేగా పంపించారు? నయమైన మనిషి అలా పోతాడా? మీరు ఆసుపత్రివాళ్లా?"

అవుననేస్తే సరిపోయేది. తల ఊపి బయటపడొచ్చు. కానీ ఆవిడ నోట నిజమే వచ్చింది.

"కాదు. ప్రభుత్వంలో పని చేస్తాను. ఆ వార్డు మూయమని రాసింది నేనే."

లోపలినుంచి వస్తున్న ఆ ఇల్లాలు గ్లాసుతో అక్కడే ఆగిపోయింది. ముందుకు చాపిన చెయ్యి వెనక్కి తీసుకుంది. అతను కోప్పడలేదు. తిట్టినా బాగుండేది. "మీ అన్నయ్య కూడా అక్కడే ఉండేవాడంటున్నారు" అన్నాడు నమ్మలేనట్టు. "ఉండగానే మూయించారా?"

ఆవిడ వచ్చిన దారినే నడిచి వెళ్లిపోయింది.

అన్నయ్యకి అబద్ధం చెప్పాలనే అనుకుంది. అతని మొహం చూశాక చెప్పలేకపోయింది. తాత పోయిన సంగతి ఉన్నదున్నట్టు చెప్పింది. అతను ఏడవలేదు. ఆ రోజు అన్నం ముట్టలేదు, మర్నాడు కూడా ముట్టలేదు. ఆ తర్వాత తాత ఊసు ఎత్తడం మానేశాడు.

ఎన్నికలయ్యాయి. మంత్రిగారు మళ్లీ గెలిచారు. గెలిచిన మొదటి సమావేశాల్లోనే కార్ల మీదా ఇళ్ల మీదా పన్ను తెచ్చారు. ఆవిడ చెప్పిన పన్నే, అంకె కూడా మారలేదు. సభలో అవుననేవాళ్లు అవునన్నారు, బిల్లు నెగ్గింది. బయట ఎవరూ కిక్కురుమనలేదు.

ఆ సాయంత్రమే ఆవిడ ఆయన గదికెళ్లింది. "సార్, ఇప్పుడు డబ్బుంది. ఆ వార్డు మళ్లీ తెరుద్దాం."

"ఎక్కడ తెరుస్తామమ్మా? భవనం అమ్మేశాంగా. ఆ సొమ్ము రాబడిలో వేయించింది మీరే" అన్నాడాయన. ఎత్తిపొడుపు లేదు, ఉన్నమాటే అన్నాడు. "ఈ పన్ను సొమ్ముకి కూడా అప్పుడే పదిమంది క్యూ కట్టారు. అయిపోయిందేదో అయిపోయింది, వదిలెయ్యండి."

ఆవిడ ఇల్లు చేరేసరికి కూతురు హాల్లో చదువుకుంటోంది. అన్నయ్య గదిలో మంచం అంచున కూర్చుని ఉన్నాడు. బట్టలన్నీ మడతపెట్టి సంచిలో సర్దుకున్నాడు.

"ఇదేంటన్నయ్యా, ఎక్కడికి?"

"ఇక్కడ కూడా మూసేస్తారేమో, ముందే సర్దుకుంటే మంచిదని."

"ఇది మనిల్లు. ఎవరూ మూయరు."

అతను ఆవిడ కళ్లలోకి చూశాడు. అనుమానంగా కాదు, తెలుసుకుందామనే అడిగాడు. "ఎవరు చెప్పారు చెల్లాయ్?"

నేను చెబుతున్నాను అందామనుకుని ఆగిపోయింది. అతని పక్కనే కూర్చుని, సంచిలోంచి ఒక్కొక్క బట్టా తీసి అలమారలో పెట్టసాగింది. అతను వద్దనలేదు. ఆవిడ గదిలోంచి వెళ్లేదాకా ఆగి, మళ్లీ సర్దుకున్నాడు.