వ్యానులో వెనక మూల

అరబ్బు దేశంలో, హుఫూఫ్ దారిలో చెక్‌పోస్టు ఇంకాస్త దూరం ఉందనగా వ్యాను ఆపి సీట్లు మార్చుకోవడం పనికి పోయే ఆ తెలుగు కూలీల అలవాటు. తెల్లగా, ఇస్త్రీ చొక్కాతో ఉండే కడప ఇర్ఫాన్ ముందుకు. అందరికన్నా నల్లనివాడు సదానందం వెనక మూలకు. పోలీసు ఆపకుండా ఉండేందుకు ఈ ఉపాయం తాపీమేస్త్రీ దేవన్నది. దాని మీద అతనికి కాస్త గర్వం కూడానూ!

ఆ పొద్దున ఉపాయం పారలేదు. పోలీసు పెద్ద కార్లన్నిటినీ చెయ్యూపి పంపి, వ్యానును ఆపాడు. తల లోపలికి పెట్టి, వెతికి మరీ సదానందాన్ని దించాడు. "ఇకామా!" అక్కడ ఉండనిచ్చే ఆ పర్మిట్ గడువు ఎప్పుడో తీరింది. రెన్యువల్ చేయించాల్సిన కంపెనీకి చీమకుట్టినట్టయినా లేదు. జీపెక్కిస్తుంటే సదానందం అరిచాడు.

"దేవన్నా, నన్ను ఇంటికి తోలితే మా అమ్మ దేవవ్వ ఆపరేషన్ ఆగిపోతదే!"

క్యాంపులో ఆ సాయంత్రం దేవన్న ఎవరినీ నమ్మలేదు. డ్రైవర్ అల్తాఫ్ ఫోన్ మాట్లాడినా అనుమానమే.

"ఎవడో పోలీసోనికి చెప్పిండు. లేకుంటే మూలకున్నోడు ఆనికెట్ల దొరుకుతడు?" అంటూ ఇర్ఫాన్ వైపు చూశాడు.

ఇర్ఫాన్‌కు ఒళ్లు మండింది. "నా ఇకామా మాత్రం బతికుండాదా? మనందరిదీ అంతే కదా! నన్నెందుకు అడగలేదు? రంగు చూసినాడన్నా. అమెరికాలో కొన్ని రాష్ట్రాల్లో అట్ల ఆపగూడదని చట్టాలే ఉండాయంట."

"ఆడుంటే మనకేందిరా?"

"మన వ్యాన్లో చట్టమేంది మరి? నల్లోణ్ని వెనక్కి తొయ్యమనేగా! పోలీసోడూ అదే చేసినాడు."

దేవన్న సిగ్గుతో చచ్చిపోయాడు. రోజూ "సదన్నా, నువ్వెనకకు" అన్నది తనే.

"రేపు చెక్‌పోస్టు కాడ అందరం దిగుదాం. గడువు తీరినవన్నీ చూపిద్దాం," అన్నాడు చివరికి.

"అందర్నీ తోలేస్తరు!" ఎవరో భయపడ్డారు.

"తోలనీ. కంపెనీ గోడలు ఎవడు కడతడో చూద్దాం. అప్పుడు కంపెనీని అడుగుతరు కదా, ఇకామాలు ఎందుకు చెయ్యలేదని!"

మర్నాడు సీట్లు మార్చలేదు. పోలీసుకు ముందు సీట్లో ఇర్ఫాన్ తెల్లని ముఖం కనబడలేదు. అయినా ఆ రోజు తీరిక లేక పొమ్మని చెయ్యి ఊపాడు.

అల్తాఫ్ బ్రేకు వేశాడు. తలుపు తెరుచుకుంది. అందరూ దిగి, రోడ్డుకడ్డంగా నిలబడి, ఇకామాలు పైకెత్తారు.

"యల్లా, యల్లా!" కదలండి కదలండని పోలీసు కసిరాడు.

"మా సదానందం యాడుంటే మేమూ ఆడికే!" దేవన్న తెలుగులోనే అరిచాడు.

వెనక పెద్ద కార్ల హారన్లు మోగాయి. ఆ చెక్‌పోస్టులో ఆ పొద్దున అందరూ ఆగారు.